ఎలుకల స్కాన్లలో ఆడవి ఎందుకు కనబడవు?

ఛత్తీస్‌గఢ్‌లో సికిల్ సెల్ పేరు వినని గ్రామం అరుదు. ఈ ఒక్క జబ్బు కోసమే రాజధాని రాయ్‌పూర్‌లో ప్రత్యేకంగా ఒక సంస్థ పనిచేస్తోంది. సరిహద్దుకు ఇవతల భద్రాచలం ఏజెన్సీలోనూ, అల్లూరి సీతారామరాజు జిల్లా కొండ గూడేల్లోనూ ఇదే జబ్బు ఉంది. 2023 జులై 1న ప్రారంభమైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ 17 రాష్ట్రాల్లో 7 కోట్ల మందిని పరీక్షించాలని, 2047 నాటికి ఇది ప్రజారోగ్య సమస్యగా మిగలకుండా చూడాలని లక్ష్యం పెట్టుకుంది. పరీక్షలు ఎంత జోరుగా సాగినా, మెరుగైన మందులు కూడా రావాలి. ఆ మందులు మనిషి దాకా వచ్చే దారి ఎలుకల బోను గుండానే పోతుంది.

సికిల్ సెల్‌కు కారణమైన జన్యువు 11వ క్రోమోజోము మీద ఉంటుంది. లింగాన్ని నిర్ణయించే ఎక్స్, వై క్రోమోజోములతో దానికి సంబంధం లేదు. కాబట్టి ఆడపిల్లకైనా మగపిల్లవాడికైనా ఈ జబ్బు వచ్చే అవకాశం సమానమే. జబ్బు వచ్చాక మాత్రం బతుకు సమానంగా సాగదు. 1994లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం ఈ జబ్బు తీవ్రరూపం ఉన్నవారిలో మరణించే మధ్యస్థ వయసు పురుషులకు 42, మహిళలకు 48 ఏళ్లు. నొప్పి విషయంలోనూ తేడాలున్నాయి. కొందరు మహిళల్లో నెలసరి రోజుల్లో నొప్పి దాడులు పెరుగుతాయి. జన్యువు ఒకటే అయినా అది పనిచేసే శరీరం వేరు కావడమే ఇందుకు కారణం. అలాంటప్పుడు ఈ జబ్బుకు కొత్త మందును ఎలుకల్లో పరీక్షించి, ఎలుక మెదడులో రక్తప్రవాహం మెరుగుపడిందని స్కాన్ చూపిస్తే, మొదట అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆ ఎలుక మగదా, ఆడదా? చాలా పరిశోధనా పత్రాల్లో సమాధానం మగదనే ఉంటుంది. కొన్నింటిలో అసలు సమాధానమే ఉండదు.

మనుషులపై పరీక్షలకు ముందు జంతువుల్లో జరిగే పరిశోధనను ప్రీ-క్లినికల్ దశ అంటారు. గత పాతికేళ్లలో ఈ దశ స్వరూపాన్ని మార్చింది ఇమేజింగ్. ఆసుపత్రిలో మనుషులకు వాడే పెట్, సీటీ, ఎంఆర్‌ఐ యంత్రాలకే చిన్న రూపాలు వచ్చాయి. పూర్వం మందు ఇచ్చిన తర్వాత మొదటి వారం, రెండో వారం, నాలుగో వారం ఏం జరిగిందో తెలియాలంటే ప్రతిసారీ కొన్ని ఎలుకలను చంపి కోసి చూడాల్సి వచ్చేది. ఇప్పుడు అదే ఎలుకకు మత్తిచ్చి మళ్లీమళ్లీ స్కాన్ చేయవచ్చు. దానివల్ల జంతువుల సంఖ్య తగ్గుతుంది, ప్రతి ఎలుకనూ దాని పాత చిత్రంతోనే పోల్చవచ్చు. రాయ్‌పూర్ ఎయిమ్స్ లాంటి చోట్ల మనుషుల పెట్-సీటీ అందుబాటులోకి వచ్చింది గానీ, ఎలుకల పెట్ యంత్రాలు ఢిల్లీలోని ఇన్మాస్, నవీ ముంబైలోని ఆక్ట్రెక్ వంటి కొద్ది సంస్థల్లోనే ఉన్నాయి. యంత్రం ఖరీదు ఎక్కువ, వరుసలో ఎదురుచూడాలి, రేడియోధార్మిక ఫ్లోరిన్ 110 నిమిషాల్లో సగానికి తగ్గిపోతుంది. ఇన్ని ఒత్తిళ్ల మధ్య ప్రయోగాన్ని వీలైనంత సరళం చేయాలనిపించడం సహజం. ఆ సరళీకరణలో మొట్టమొదట జారిపోయేది ఆడ ఎలుక.

దీనికి లెక్కలున్నాయి. అనలీస్ బీరీ, ఇర్వింగ్ జుకర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 2009లో వెలువడిన జంతు పరిశోధనలను 10 రంగాల్లో పరిశీలించి 2011లో ఫలితాలు ప్రచురించారు. 8 రంగాల్లో మొగ్గు మగ జంతువుల వైపే. నాడీశాస్త్రంలో పరిస్థితి మరీ విడ్డూరం. ఒకే లింగం జంతువులను వాడిన పత్రాల్లో, ఆడవాటిపై ఒకటి ఉంటే మగవాటిపై 5.5 ఉన్నాయి. మొగ్గు ఎప్పుడూ మగవైపే ఉంటుందని కూడా కాదు. రోగనిరోధక శాస్త్రంలో ఆడవాటినే ఎక్కువ వాడుతున్నారు. మగ చిట్టెలుకలను ఒకే బోనులో పెడితే కొట్లాడుకుంటాయి, గాయాలవుతాయి. గాయం చుట్టూ వాపు, ఆ వాపులో గ్లూకోజ్ వినియోగం, పెట్ చిత్రంలో అక్కడ అనవసరమైన వెలుగు. అందుకే కణితుల ఇమేజింగ్ చేసేవారిలో చాలామంది ఆడవాటిని ఎంచుకుంటారు. అంటే ఎంపికను నిర్ణయిస్తున్నది చాలాసార్లు జబ్బు స్వభావం కాదు, ప్రయోగశాల వీలు.

ఆడవాటిని వదిలేయడానికి చెప్పే కారణం మాత్రం దశాబ్దాలుగా ఒకటే. చిట్టెలుకకు నాలుగైదు రోజులకోసారి ఎద చక్రం తిరుగుతుంది. హార్మోన్లు పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి, అందువల్ల కొలతల్లో హెచ్చుతగ్గులు ఎక్కువగా వస్తాయి, కాబట్టి మగవైతే నయం అన్నది ఆ వాదన. వినడానికి సబబుగానే ఉంటుంది. పశువుల ఎద గురించి తెలిసిన రైతు కూడా తలూపుతాడు. అయితే దీన్ని ఎవరైనా కొలిచి చూశారా? చూశారు. బ్రయన్ ప్రెండర్‌గాస్ట్, ఆయన సహచరులు 293 పత్రాల్లోని చిట్టెలుకల సమాచారాన్ని పోగుచేసి 2014లో విశ్లేషించారు. ఎద చక్రం ఏ దశలో ఉందో పట్టించుకోకుండా కొలిచినా, ఆడవాటి కొలతల్లో హెచ్చుతగ్గులు మగవాటి కంటే ఎక్కువ లేవు. కొన్ని లక్షణాల్లో మగవాటిలోనే ఎక్కువ. ఎలుకలపై 2016లో చేసిన అలాంటి విశ్లేషణ కూడా ఇదే మాట చెప్పింది. 2023లో హార్వర్డ్ బృందం ఒకటి చిట్టెలుకల కదలికలను త్రీడీ కెమెరాతో చిత్రించి, కంప్యూటర్‌తో విశ్లేషించింది. ఎద చక్రం ప్రభావం స్వల్పం. ఒక ఎలుకకూ ఇంకో ఎలుకకూ మధ్య ఉండే వ్యక్తిగత తేడాయే ఎక్కువ. మగవాటి ప్రవర్తనే ఎక్కువ అనూహ్యంగా ఉంది.

దీనిలో ఆశ్చర్యం లేదు. మగ ఎలుకల్లో హార్మోన్లు నిలకడగా ఉంటాయన్నది కేవలం ఊహ. ఒకే బోనులోని మగ ఎలుకల్లో పెత్తనం చేసేదాని టెస్టోస్టెరాన్ స్థాయికీ, అణిగి ఉండేదాని స్థాయికీ పొంతన ఉండదు. ఆ హెచ్చుతగ్గులు ఎవరినీ కలవరపెట్టలేదు. దానికి చక్రం అనే పేరు లేదు కాబట్టి అది కనబడలేదు, అంతే.

రాయ్‌పూర్ ఈ చర్చలోకి ఇంకో దారిలోనూ వస్తుంది. 1964లో ఏర్పడిన పండిట్ రవిశంకర్ శుక్లా విశ్వవిద్యాలయంలోని లైఫ్ సైన్సెస్ విభాగం శరీర లయల అధ్యయనానికి, అంటే క్రోనోబయాలజీకి పేరు పొందింది. నిద్ర, శరీర ఉష్ణోగ్రత, హార్మోన్లు, ఇవన్నీ 24 గంటల లయలో నడుస్తాయని ఆ శాస్త్రం చెబుతుంది. ఎలుకలు రాత్రి తిరిగే ప్రాణులు. మనుషులు వాటిని పగలు, అవి పడుకునే వేళ స్కాన్ చేస్తారు. ఉదయం 10 గంటలకు తీసిన పెట్ చిత్రం, సాయంత్రం 6కు తీసిన చిత్రం ఒకేలా ఉండవు. ఈ కారణంగా 24 గంటల లయ ఉన్న జంతువులను ప్రయోగం నుంచి తీసేద్దామని ఎవరూ అనలేదు. స్కాన్ చేసిన వేళను రాసుకున్నారు, వీలైతే అన్నిటినీ ఒకే వేళకు చేశారు. నాలుగు రోజుల లయకు వచ్చేసరికి మాత్రం రాసుకోవడం కష్టమైపోయి, జంతువునే తీసేయాల్సి వచ్చింది! చిట్టెలుక ఎద దశ తెలుసుకోవడానికి కావాల్సింది యోని నుంచి చిన్న ద్రవ నమూనా, ఒక గాజు పలక, మామూలు మైక్రోస్కోప్. కోట్ల రూపాయల స్కానర్ ఉన్న చోట ఇది పెద్ద ఖర్చు కాదు.

ఆసుపత్రుల్లో మాత్రం ఈ అలవాటు ఎప్పటినుంచో ఉంది. ఎఫ్‌డీజీ అనే రేడియోధార్మిక గ్లూకోజ్‌తో పెట్ స్కాన్‌కు వచ్చిన మహిళను న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలో చివరి నెలసరి తేదీ అడుగుతారు. గర్భం సంగతి తెలుసుకోవడానికే కాదు. నెలసరి ఆగని వయసులో అండాశయం, గర్భాశయం లోపలి పొర చక్రంలోని దశను బట్టి గ్లూకోజ్‌ను ఎక్కువ తక్కువలుగా పీల్చుకుంటాయి. ఆ సంగతి తెలియని డాక్టరు సహజమైన వెలుగును కణితి అనుకునే ప్రమాదం ఉంది. మనిషి చిత్రాన్ని చదివేటప్పుడు ఇంత జాగ్రత్త పాటించే రంగం, ఎలుక చిత్రం దగ్గరికి వచ్చేసరికి లింగం కూడా రాయకుండా ఎలా సరిపెట్టుకుంది?

ఇమేజింగ్‌లో ఈ ప్రశ్న మిగతా పరిశోధనల్లో కంటే బరువైనది. మొదటి కారణం మత్తు. మనిషికి కదలకుండా పడుకోమని చెప్పవచ్చు, ఎలుకకు చెప్పలేం. దాదాపు ప్రతి స్కానూ మత్తులోనే జరుగుతుంది. ఆడ ఎలుకలకూ మగ ఎలుకలకూ మత్తు ఒకేలా ఎక్కదన్న సంగతి కొత్తదేమీ కాదు. బార్బిచ్యురేట్ రకం మత్తుమందు మగ ఎలుకలకు ఇచ్చే మోతాదులో సగమే ఆడ ఎలుకలకు సరిపోతోందని 1932లోనే నికోలస్, బారన్ అనే పరిశోధకులు రాశారు. ఆ మందును మగ ఎలుకల కాలేయం వేగంగా విరగ్గొట్టడమే కారణమని తర్వాత తేలింది. పీల్చే మత్తుమందుల విషయంలో కథ తిరగబడింది. ఐసోఫ్లురేన్ తరహా వాయువులకు ఆడ మెదడే ఎక్కువ ఎదురు నిలుస్తుందని, టెస్టోస్టెరాన్ ఉంటే మెదడు మత్తుకు సులువుగా లొంగుతుందని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2024లో చూపించారు. ఎలుకల ఎంఆర్‌ఐ, పెట్ కేంద్రాల్లో ఎక్కువగా వాడేది ఐసోఫ్లురేన్‌నే. అన్ని ఎలుకలకూ ఒకే శాతం మత్తు పెట్టి, మెదడు చురుకుదనంలో తేడా కనబడితే అది మెదడు తేడాయా, మత్తు లోతు తేడాయా? పైగా ఐసోఫ్లురేన్ రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. రక్తప్రవాహం ఆధారంగా పనిచేసే ఫంక్షనల్ ఎంఆర్‌ఐకి ఇది చిన్న విషయం కాదు. సికిల్ సెల్ ఎలుకలో కొలిచేదీ రక్తప్రవాహమే కదా.

రెండో కారణం వేడి. చిట్టెలుకకు ఒంట్లో హాయిగా ఉండే ఉష్ణోగ్రత 30 డిగ్రీల దరిదాపు. ప్రయోగశాల గదులను మనుషులకు హాయిగా ఉండేలా 20 నుంచి 24 డిగ్రీల మధ్య ఉంచుతారు. మే నెలలో బయట 45 డిగ్రీల రాయ్‌పూర్ ఎండ కాస్తున్నా, లోపల ఎలుక చలికి తట్టుకోవడానికి ఒంట్లోని గోధుమరంగు కొవ్వును మండిస్తూనే ఉంటుంది. ఆ కొవ్వు గ్లూకోజ్‌ను బాగా పీల్చుకుని, పెట్ చిత్రంలో భుజాల మధ్య దీపంలా వెలుగుతుంది. మనుషుల్లోనూ ఈ కొవ్వు ఉంది. 2009లో బోస్టన్ పరిశోధకులు 1,972 మంది పెట్-సీటీ చిత్రాలు తిరగేస్తే 7.5 శాతం మహిళల్లో, 3.1 శాతం పురుషుల్లో అది కనిపించింది. చిన్న శరీరం వేడిని త్వరగా కోల్పోతుంది. ఒకే వయసు ఆడ చిట్టెలుక మగదానికంటే తేలిక. మత్తులో ఉన్నప్పుడు కింద వెచ్చటి పరుపు లేకపోతే ఆ తేడా మరింత పెరుగుతుంది.

మూడోది పూర్తిగా భౌతికశాస్త్రం. ఇక్కడ లింగభేదాలను ఉత్సాహంగా వెతికేవారు కూడా కాస్త ఆగాలి. ఎలుకల పెట్ స్కానర్ వేరుచేసి చూడగలిగిన అతి చిన్న దూరం సుమారు 1 నుంచి 1.5 మిల్లీమీటర్లు. చిట్టెలుక గుండె ఎడమ గది గోడ మందం దాదాపు 1 మిల్లీమీటరు. అంటే యంత్రం చూపుకు ఆ గోడ సరిపోయీ సరిపోని వస్తువు. అంత సన్నని భాగం నుంచి వచ్చే సంకేతం చుట్టుపక్కలకు చిందుతుంది, అసలు విలువ కంటే తక్కువగా నమోదవుతుంది. గోడ ఎంత పలచనైతే తగ్గుదల అంత ఎక్కువ. ఆడ ఎలుక గుండె చిన్నది. కాబట్టి రెండు గుండెలూ గ్లూకోజ్‌ను సమానంగా వాడుతున్నా, చిత్రంలో ఆడ గుండె మందకొడిగా కనబడవచ్చు. దీన్ని సరిదిద్దే లెక్కలు ఉన్నాయి. వాటిని అన్ని పత్రాల్లోనూ చేయరు.

బరువుతోనూ ఇదే చిక్కు. పెట్ చిత్రంలో ఒక అవయవం ఎంత మందు పీల్చిందో చెప్పడానికి ఎస్‌యూవీ అనే కొలత వాడతారు. ఇచ్చిన మోతాదు ఒళ్లంతా సమానంగా పరుచుకుంటే ఉండాల్సిన సాంద్రత కంటే ఈ అవయవంలో ఎన్ని రెట్లు ఉందన్నదే ఆ కొలత. దాన్ని శరీర బరువుతో లెక్కిస్తారు. మామూలు కొవ్వు గ్లూకోజ్‌ను పెద్దగా పీల్చుకోదు. కాబట్టి కొవ్వు ఎక్కువున్న జంతువులో మిగతా అవయవాల ఎస్‌యూవీ ఉన్నదానికంటే పెరిగినట్టు కనిపిస్తుంది. ప్రయోగశాలల్లో విరివిగా వాడే నల్ల చిట్టెలుకల్లో, కొవ్వు తిండి పెడితే మగవి ఆడవాటి కంటే ఎక్కువ బరువు పెరుగుతాయి. ఆ బరువు తేడా కాలేయం జబ్బులా, మెదడు తేడాలా వేషం వేసుకుని పత్రంలోకి వచ్చేయగలదు. లింగభేదం ఉందని ప్రకటించేముందు ఎవరి బరువుతో భాగించారో చూడటం మంచిది.

ఇలాంటి కల్పిత తేడాలు ఉన్నాయి కాబట్టి అసలు తేడాలు లేవనుకోకూడదు. నొప్పి పరిశోధన ఇందుకు సాక్ష్యం. వెన్నుపాములో నొప్పిని పెంచేది మైక్రోగ్లియా అనే కణాలని చాలాకాలం పాఠ్యపుస్తకం మాటలా చెల్లింది. ఆ ప్రయోగాలు ఎక్కువగా మగ ఎలుకల్లో జరిగినవే. 2015లో కెనడాకు చెందిన రాబర్ట్ సోర్జ్, జెఫ్రీ మోగిల్ బృందం ఆడ ఎలుకల్లోనూ చూసింది. మైక్రోగ్లియాను అడ్డుకుంటే మగవాటికి నొప్పి తగ్గింది, ఆడవాటికి తగ్గలేదు. ఆడవాటిలో అదే పని టి-కణాలనే వేరే రోగనిరోధక కణాల ద్వారా జరుగుతోందని ఆ బృందం తేల్చింది. లక్షణం ఒకటే, దారి వేరు. మగ ఎలుకల్లో మైక్రోగ్లియాను పెట్ చిత్రంలో చూసి, అది తగ్గింది కాబట్టి నొప్పి మందు పనిచేస్తోందని తేల్చే ప్రయోగం ఆడ రోగికి ఏం చెబుతుంది? జీవితమంతా నొప్పితో వేగే సికిల్ సెల్ రోగుల్లో సగం మంది ఆడవారే. ఇదే మోగిల్ బృందం అంతకు ముందే 2014లో మరో తమాషా సంగతి బయటపెట్టింది. ప్రయోగం చేసే మనిషి పురుషుడైతే, అతని వాసనకే ఎలుకలు ఒత్తిడికి లోనై నొప్పిని తక్కువగా చూపిస్తున్నాయట. అతను వేసుకున్న చొక్కా పక్కన పెట్టినా చాలు. ఎలుక లింగమే కాదు, దాన్ని పట్టుకున్నవారి లింగం కూడా రాయాల్సి వచ్చేలా ఉంది.

ఆల్జీమర్స్ పరిశోధనలో ప్రమాదం ఇంకో రకం. ఆ జబ్బుకు నమూనాగా తయారుచేసిన పలు చిట్టెలుక జాతుల్లో ఒకే వయసు మగవాటి కంటే ఆడవాటి మెదడులో అమైలాయిడ్ ఎక్కువగా పేరుకుంటుంది. అమైలాయిడ్‌ను చూపించే పెట్ స్కాన్‌తో మందును పరీక్షిస్తున్నారనుకుందాం. మందు ఇచ్చిన గుంపులో మగవి కాస్త ఎక్కువ, ఇవ్వని గుంపులో ఆడవి కాస్త ఎక్కువ పడ్డాయి. మందు ఏమీ చేయకపోయినా మెదడు శుభ్రపడినట్టు చిత్రం వస్తుంది. లింగం రాయని పత్రంలో ఈ పొరపాటును పట్టుకునే వీలు పాఠకుడికి లేదు.

ఈ నిర్లక్ష్యం ఆసుపత్రి దాకా ఎలా ప్రయాణిస్తుందో చెప్పడానికి తరచూ వినిపించే పేరు జోల్పిడెమ్. 1992లో అమెరికాలో అనుమతి పొందిన ఈ నిద్రమాత్ర మోతాదును 20 ఏళ్ల తర్వాత, 2013 జనవరిలో, అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ మహిళలకు 10 మిల్లీగ్రాముల నుంచి 5కు తగ్గించింది. మహిళల ఒంటి నుంచి ఈ మందు నెమ్మదిగా బయటకు పోతోందని, మర్నాడు ఉదయం వాహనం నడపడానికి ప్రమాదమని కారణం. ఆ తగ్గింపు అవసరమా అని ప్రశ్నించిన ఔషధ శాస్త్రవేత్తలూ ఉన్నారు. 2001 నాటి అమెరికా ప్రభుత్వ నివేదిక ఇంకొంచెం గట్టి ఆధారం. 1997 నుంచి 2000 వరకు అక్కడి మార్కెట్ నుంచి ఉపసంహరించిన 10 మందుల్లో 8 మహిళలకు ఎక్కువ ముప్పు కలిగించాయి. ఆ 8లో 4 మందులను మహిళలే ఎక్కువగా వాడారు, ముప్పు ఎక్కువ కనబడటానికి అదొక కారణం కావచ్చు. మిగతా నాలుగింటికి ఆ వివరణ కూడా సరిపోదు. వీటన్నిటికీ మగ ఎలుకలే కారణమని అనడం అతిశయోక్తి. మనుషులపై తొలి దశ పరీక్షల నుంచి పిల్లలు కనే వయసు మహిళలను 1977 నుంచి 1993 దాకా అమెరికా మినహాయించిన సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఎలుక దగ్గర తెలియనిది, మనిషి దగ్గరా తెలుసుకోలేదు. రెండు తలుపులూ ఒకేసారి మూశారు.

రెండు లింగాలనూ తీసుకుంటే జంతువుల సంఖ్య రెట్టింపవుతుంది, ఖర్చు రెట్టింపవుతుంది అనేది చివరగా వచ్చే అభ్యంతరం. స్కానర్ సమయం దొరకని దేశంలో ఇది తేలిగ్గా కొట్టిపారేయదగ్గది కాదు. లెక్క చూద్దాం. 16 మగ ఎలుకలు తీసుకుని 8కి మందు, 8కి ఉత్త ద్రావణం ఇచ్చారు. వాటికి బదులు 8 మగ, 8 ఆడ తీసుకుని, ప్రతి గుంపులో నాలుగేసి పెడితే? మందు పొందినవి అప్పుడూ 8, పొందనివి అప్పుడూ 8. విశ్లేషణలో లింగాన్ని ఒక అంశంగా చేరిస్తే, మందు పనిచేసిందా అన్న ప్రశ్నకు దాదాపు అంతే కచ్చితత్వంతో సమాధానం వస్తుంది. సంఖ్య పెంచనవసరం లేదని 2023లో గణాంక అనుకరణలతో చేసిన అధ్యయనం కూడా చూపింది. అదనంగా, ఆ సమాధానం ఒక్క లింగానికే పరిమితమైపోదు. అయితే మందు మగవాటిలో ఒకలా, ఆడవాటిలో ఇంకోలా పనిచేసిందా అన్నది వేరే ప్రశ్న. అక్కడ తీసివేతలో నుంచి తీసివేత చేయాలి, అనిశ్చితి రెట్టింపవుతుంది. అంతే పరిమాణం ఉన్న తేడాను అంతే నమ్మకంతో పట్టుకోవాలంటే 16 కాదు, 64 ఎలుకలు కావాలి. ఈ రెండు ప్రశ్నలనూ కలిపేయడం వల్లే ‘రెట్టింపు’ భయం పుట్టింది. మొదటి ప్రశ్నకు అదనపు ఖర్చు లేదు. రెండోదానికి ఉంది, దాన్ని ప్రతి ప్రయోగమూ అడగనక్కర్లేదు. మొదటి ప్రయోగంలో తేడా ఛాయలు కనిపిస్తే అప్పుడు అడగాలి.

ఇతర దేశాల అనుభవం రెండు రకాలుగానూ ఉపయోగపడుతుంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ 2014లో ప్రకటించి, 2016 జనవరి నుంచి అమలు చేసిన నిబంధన ప్రకారం జంతు పరిశోధనకు నిధులు అడిగేవారు లింగాన్ని జీవశాస్త్ర అంశంగా పరిగణించాలి, ఒక్క లింగమే వాడితే గట్టి కారణం చెప్పాలి. 2009లో 28 శాతం అధ్యయనాలే రెండు లింగాలనూ వాడగా, 2019 నాటికి అది 49 శాతానికి చేరింది. వాడటం పెరిగింది గానీ, ఫలితాలను లింగాల వారీగా విశ్లేషించడం ఆ మేరకు పెరగలేదు. విశ్లేషించినవారూ తరచూ తప్పుచేశారు. 147 పత్రాలను పరిశీలించిన ఇద్దరు శాస్త్రవేత్తలు 2021లో చెప్పినదాని ప్రకారం, మందు ఒక లింగంలోనే పనిచేసిందని ప్రకటించినవారు రెండు లింగాల స్పందన నిజంగా వేరా అన్నది సాధారణంగా గణాంకపరంగా పరీక్షించనేలేదు. మగవాటిలో ఫలితం గీత దాటింది, ఆడవాటిలో కొంచెంలో దాటలేదు, కాబట్టి లింగభేదం ఉందనేశారు. నిబంధన పెట్టి శిక్షణ ఇవ్వకపోతే ఇలాగే జరుగుతుంది.

భారతదేశంలో విషయం ఇంకా చిత్రంగా ఉంది. మందుల విషప్రభావం పరీక్షించే చోట రెండు లింగాలూ తప్పనిసరి. ఎలుకలకు 28 రోజులు మందు ఇచ్చి చూసే ఓఈసీడీ 407 పద్ధతిలో ప్రతి మోతాదుకూ కనీసం 5 మగ, 5 ఆడ ఎలుకలు ఉండాలి. హైదరాబాద్ చుట్టుపక్కల కాంట్రాక్టు పరిశోధన సంస్థల్లో ఇది రోజువారీ పని. ఎద చక్రం అక్కడ ఎవరికీ అడ్డు రాలేదు. మందు హాని చేస్తుందా అన్నప్పుడు ఆడ ఎలుక లెక్కలోకి వస్తుంది. మందు మేలు చేస్తుందా, మెదడులో ఎక్కడికి చేరుతుంది అన్నప్పుడు రాదు. ఇందులోని తర్కం ఎవరైనా వివరించగలిగితే బాగుండు.

జంతువులపై ప్రయోగం చేయదలచిన శాస్త్రవేత్త 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద ఏర్పడిన కేంద్ర కమిటీ నిబంధనల ప్రకారం ఫారం-బి నింపి, తన సంస్థలోని జంతు నైతిక కమిటీకి ఇవ్వాలి. ఆ ఫారంలో జంతువు జాతి, వయసు, బరువు, లింగం, సంఖ్య రాసే గళ్లున్నాయి. కింద కారణాల భాగంలో ఈ జాతినే ఎందుకు ఎంచుకున్నారు, ఇన్ని జంతువులు ఎందుకు అవసరం అని అడుగుతుంది. ఈ లింగమే ఎందుకు అని అడగదు. గడిలో ‘మగ’ అని రాస్తే సరిపోతుంది. అక్కడ ఒక్క ప్రశ్న చేర్చడానికి చట్టం మార్చనక్కర్లేదు, కొత్త నిధులూ అక్కర్లేదు. ‘ఎద చక్రం వల్ల’ అన్న జవాబు ఇక చెల్లదని పక్కనే ఒక వాక్యం రాస్తే ఇంకా మంచిది. ప్రోస్టేట్ క్యాన్సర్‌పైనో అండాశయంపైనో పనిచేసేవారికి జవాబు సిద్ధంగానే ఉంటుంది.

ఇది జంతువుల పట్ల దయకు సంబంధించిన విషయం కూడా. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ దశాబ్దాలుగా దేశంలోని ప్రయోగశాలలకు ఎలుకలను పెంచి ఇస్తోంది. అక్కడి విస్టార్ ఎలుకల వంశం కూనూరులో 1920లో మొదలై, సంస్థతోపాటు హైదరాబాద్ చేరింది. ఏ కేంద్రంలోనైనా ఒక కాన్పులో పుట్టే పిల్లల్లో సుమారు సగం ఆడవే. మగవే కావాలన్న ఆర్డర్లు ఎక్కువైతే, సంతతికి అవసరమైనవి పోను మిగిలిన ఆడపిల్లలు ఏ జ్ఞానానికీ పనికిరాకుండా చావాలి. జంతువుల సంఖ్య తగ్గించడానికే మగవాటితో సరిపెట్టుకుంటున్నామనే ప్రయోగశాలలు ఈ మిగులును తమ ఖాతాలో వేసుకోవు.

ఢిల్లీ నుంచి ఫారం మారే దాకా రాయ్‌పూర్‌లోని ఫార్మసీ కళాశాలో, విశాఖలోని వైద్య పరిశోధన సంస్థో ఆగాల్సిన పనిలేదు. ప్రతి సంస్థ నైతిక కమిటీలోనూ పశువైద్యుడు, బయటి శాస్త్రవేత్త, కేంద్రం నియమించిన ప్రతినిధులు ఉంటారు. వారితో పాటు శాస్త్రవేత్త కాని, సామాజిక స్పృహ ఉన్న ఒక సభ్యుడు లేదా సభ్యురాలు కూడా ఉండాలని నిబంధన. స్కానర్ పనితీరు గురించి, ఎస్‌యూవీ లెక్క గురించి ఆ సభ్యులు మాట్లాడలేకపోవచ్చు. దరఖాస్తుల కట్ట చేతికి వచ్చినప్పుడు ‘లింగం’ గడి మీద వేలు పెట్టి, ఇక్కడ మగ అనే ఎందుకు రాశారని అడగడానికి ఆ పరిజ్ఞానం అక్కర్లేదు. వచ్చిన జవాబును సమావేశం మినిట్స్‌లో రాయించే హక్కు కూడా వారికి ఉంది.